నటి అర్చన – ఒక విమర్శ

నటుని గొప్పతనమును కొలుచుటకు మనలో వాడుకపడిన కొలబద్ద యొకటి కలదు. ఒకే మనుష్యుడు నిన్న రాముడుగను నేడు రావణుడుగను కనబడినచో, ఒకే బొమ్మలో తండ్రియు కొడుకును మనుమడును తానే యైనచో, వానిని బహుముఖప్రజ్ఞావంతుడని కొనియాడుదుము. గడ్డము మారవలెను, గొంతు మారవలెను, నడక మారవలెను. ఈ కొలబద్ద నాటకశాలనుండి వచ్చినది. వెనుక వరుసలో చాపమీద కూర్చున్నవానికి సయితము వేషభేదము తెలియవలెనన్న రంగులును, కట్టుడు జుట్టును, మీసములును తప్పనిసరి. కావున దానిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. అయితే చలనచిత్రమున కెమెరా మొగమునకు జానెడు దూరమున నిలిచి చూచును. అచ్చట మీసము మార్చినవాని నేర్పుకంటె, ఏమియు మార్చక వేఱొక మనుష్యుడైనవాని నేర్పు గొప్పది. మొగమునకు రంగు లేకుండ, కన్నులకు కాటుకయైన లేకుండ, అదే శరీరముతో, అదే నల్లని మేనిచాయతో ఒకమారు గుమాస్తా పిల్లగను, ఒకమారు గడిలో దాసిగను, ఒకమారు తట్టమోయు కూలిగను నిలిచి, మూడుమారులును మనకు కొత్తగా కనబడిన నటి యొకతె యున్నది. ఆమె పేరు అర్చన.

ఇదే పేరుగల మఱొక నటి తరువాతి కాలమున తెలుగు తెరపైకి వచ్చియున్నందున, మేము చెప్పునది 'నిరీక్షణ', 'దాసి', 'మట్టి మనుషులు' చిత్రముల అర్చననుగూర్చి యని ముందే తెలుపుచున్నాము. ఈమె కూచిపూడియు కథక్కును అభ్యసించిన నర్తకి. తమిళమునను, తెలుగునను, మలయాళమునను నటించెను. 1987వ సంవత్సరమునకు 'వీడు' అను తమిళ చిత్రమునందును, 1988వ సంవత్సరమునకు తెలుగు 'దాసి'యందును నటించినందులకు దేశమంతటిలో ఉత్తమ నటి యని రెండేండ్లు వరుసగా జాతీయ పురస్కారము నందుకొనెను. అంతకు ముందు ఇట్లు వరుసగా పొందినది 1982, 1983, 1984 సంవత్సరములకు షబనా ఆజ్మీ యొక్కతెయే. తెలుగు చిత్రమునందలి నటనకు ఈ గౌరవము దక్కినవారిలో 1978వ సంవత్సరపు 'నిమజ్జనము'నకుగాను శారద మొదటిది, అర్చన రెండవది. ఇంతటి నటినిగూర్చి మన ఇండ్లలో మాట వచ్చినప్పుడు, "ఆ లేడీస్ టైలరులో అమ్మాయియా?" అని యడుగుటతో సంభాషణ ముగియుచుండుట మాకు విచారకరముగా తోచినది.

మే మీ విషయమునకు పూనుకొనుటకు వేఱొక హేతువును గలదు. మాది కోస్గి. కర్నూలు జిల్లాలోని కోసిగి కాదు. ఒకప్పుడు మహబూబునగరు జిల్లాలోనుండి 2019నుండి నారాయణపేట జిల్లాలో చేరిన కోస్గి. పంటలు ఇంటికి వచ్చిన పిమ్మట, లేక వానలు మొగము చాటువేసిన పిమ్మట, మూటలతోను, తపేలలతోను, చంకబిడ్డలతోను మా బస్సు నిలయమున కూర్చున్న కుటుంబములను చూచుట మాకు అలవాటు. వారిలో కొందరు హైదరాబాదునకు, కొందరు పూనాకు, కొందరు బొంబాయికి పోవుదురు. దేశమంతటను వారికి 'పాలమూరు లేబరు' అని యొకటే పేరు. నాగార్జునసాగరు మొదలు ఎన్నో ఆనకట్టల మన్ను వారి తలలమీదుగా నడచినది. గుంపు మేస్త్రి ముందుగా సొమ్మిచ్చుటయు, ఆ సొమ్ము తీరువఱకు మనుష్యుడు తనవాడు కాకపోవుటయు మా ప్రాంతమున కథలు కావు. అర్చన తెలుగున చేసిన రెండు గొప్ప వేషములును ఈ మెట్ట సీమల స్త్రీవే: ఒకటి గడిలో నున్నప్పటిది, ఒకటి ఊరు విడిచిన తరువాతిది.

ఈమె మొదటి చిత్రములగూర్చి ఎక్కువగా చెప్పనక్కరలేదు. దర్శకుడును ఛాయాగ్రాహకుడును నైన బాలు మహేంద్ర 'నీంగళ్ కెట్టవై' యను తమిళ చిత్రమున 1984లో ఈమెకు వేషమిచ్చెను. తెల్లని మేనిచాయయే అందమని తెరయంతయు పూసుకొనియున్న కాలమున, నల్లని మొగముమీద వెలుతురు ఎట్లు నిలుచునో చూపించుట ఆయనకు ఇష్టము. ఆయనయే తెలుగున తీసిన 'నిరీక్షణ'లో ఈమె అడవి పిల్ల. చెఱసాలకు పోయిన ప్రియునికొఱకు ఏండ్ల తరబడి ఎదురుచూచుటయే కథ. ఆ చిత్రమును ఇళయరాజా పాటలకొఱకు జనులు ఇప్పటికిని తలచుకొనుచున్నారు; న్యాయమే. ఎదురుచూచుట యను పనిలేని పనిని ఒక మనుష్యుని ముఖమున ఇంతసేపు చూడగలుగుట మాత్రము నటి చలువ.

'లేడీస్ టైలర్' 1986లో వచ్చినది. వంశీ దర్శకుడు, రాజేంద్ర ప్రసాద్ నాయకుడు. తొడమీద పుట్టుమచ్చగల స్త్రీని పెండ్లాడినచో అదృష్టము పట్టునని నమ్మిన దర్జీ, ఊరి స్త్రీలలో ఆ మచ్చకొఱకు వెదకుట ఇందలి హాస్యము. చిత్రీకరణము చక్కనిది, గోదావరి యొడ్డు చక్కనిది, నవ్వు వచ్చుటయు నిజము. అయినను నాయకుని తమాషాకు స్త్రీ శరీరమును వెదకబడు వస్తువుగా చేసిన కథను పిల్లలతో కూర్చుండి చూచునప్పుడు తల్లులు మాట మార్చవలసి వచ్చునని మేమెఱుగుదుము. ఆ కథలో ఉపాధ్యాయిని సుజాతగా అర్చన యొక్కతె నేలమీద నడచుచున్న మనుష్యురాలు. చుట్టును గంతులు వేయుచుండగా తాను కదలకుండుట ఆమె ఎన్నుకొన్న పద్ధతి. హాస్యమునకు అది భంగము కాలేదు సరిగదా, వెదకబడువారికిని మనసున్నదని ప్రేక్షకునకు జ్ఞప్తి చేసినది. వ్యాపారచిత్రములో విజయము చవిచూచిన నటి ఆ దారినే పోవుట లోకసహజము. ఈమె తరువాతి సంవత్సరములలో చేసిన పనులు చూడుడు.

'వీడు' అనగా తమిళమున ఇల్లు. ఒక కచేరీలో పనిచేయు సుధ యను పిల్ల, తాతను చెల్లెలిని వెంటబెట్టుకొని అద్దెయింట కాపురముండును. యింటివారు ఖాళీ చేయుమందురు. తమకున్న కొద్ది స్థలమున ఇల్లు కట్టుకొందమని సాహసించును. అప్పులు, అనుమతి పత్రములు, లంచములు, కంట్రాక్టరు. అంతే కథ. ఇందు ప్రతినాయకుడు లేడు. మనకందరకును తెలిసిన లోకమున్నది. తాతగా చొక్కలింగ భాగవతార్ నటించెను. సగము లేచిన గోడలను చూచుటకు ఆ వృద్ధుడు గొడుగు పట్టుకొని ఒంటరిగా వచ్చి, గదులలో తిరుగుచు, ఇటుకను చేతితో తడవి మురిసిపోవు ఘట్టమును చూచినవారు మఱువరు. ఆ ఘట్టము వృద్ధునిదే, అర్చనది కాదు. కాని ఆ ఇల్లు ఆమె బుజములమీద ఎంత బరువైనదో అప్పటికే మనము ఆమె నడకలో చూచియున్నాము గనుకనే వృద్ధుని సంతోషము మనకు గుండె కలుక్కుమనిపించును. పక్కనున్న నటుని ఘట్టమునకు ముందుగానే పునాది వేసిపెట్టుట యను నటనాగుణము ప్రశంసలలో ఎక్కదు. బొమ్మ నిలుచుట మాత్రము దానిమీదనే.

ఇల్లు పూర్తికాకమునుపే ఆ స్థలము నీటి సరఫరా శాఖవారు ఎన్నడో తీసికొన్నదని తెలియును. అప్పుడును ఈ పిల్ల గుండెలు బాదుకొనదు. బల్ల కెదురుగా నిలుచుండి, కాగితములు చేతబట్టుకొని, తనకు చెప్పుచున్న మాట అర్థమగుటకు కొంత కాలము పట్టినట్లు చూచును. ఉద్యోగముచేయు మధ్యతరగతి ఆడుపిల్లలు అధికారి యెదుట ఏడువరు. ఏడ్చినచో పని మఱింత చెడునని వారికి తెలియును. ఈ సంగతి తెలిసిన దర్శకుడొకడు, చూపగలిగిన నటి యొకతె దొరకుట ఆ చిత్రము భాగ్యము. ఇందే కంట్రాక్టరు సిమెంటును దొంగతనముగా అమ్ముకొనుచున్నాడని బయటపెట్టునది కట్టడపు పనిలోని ఒక కూలి స్త్రీ. ఇంటియజమానురాలికి నిజము చెప్పినది కూలిది యగుట చదువరులు గమనింపవలెను. ఆ కూలిదాని స్థానమునకే అర్చన కొలది కాలములో తాను చేరును.

ఇక 'దాసి'. బి. నరసింగరావు 1988లో తీసిన యీ చిత్రమునకు ఆ సంవత్సరమున అయిదు జాతీయ పురస్కారములు వచ్చినవి. ఉత్తమ తెలుగు చిత్రముగా నొకటి, నటనకు అర్చనకు నొకటి, ఛాయాగ్రహణమునకు అపూర్వ కిశోర్ బీర్‌కు నొకటి, కళాదర్శకత్వమునకు చిత్రకారుడు వైకుంఠమునకు నొకటి, దుస్తుల కూర్పునకు సుదర్శన్‌కు నొకటి. ఈ సుదర్శన్ నల్లగొండ జిల్లావాడు. పిమ్మట 'దాసి సుదర్శన్' అనియే పిలువబడెను, చిత్రము పేరే ఇంటిపేరైనట్లు. తన బొమ్మలలో కుంకుమను పసుపును మండించు వైకుంఠము ఇచ్చట గడి లోపలి మసక వెలుతురునకు లోబడి పనిచేసెను. నరసింగరావు భూస్వామి కుటుంబమున పుట్టినవాడు. గడి గోడలు లోపలినుండి ఎట్లుండునో ఆయనకు పుస్తకములు చెప్పనక్కరలేకపోయినది.

కథాకాలము 1920 ప్రాంతము, నిజాము రాజ్యము. దొర జయసింహరావు గడిలో కమలాక్షి దాసి. తెలంగాణమున ఇట్టివారిని 'ఆడబాప' అనుచుండిరి. దొరల యింటి ఆడుపిల్లకు పెండ్లి చేసి పంపునప్పుడు, బిందెలతోను పెట్టెలతోను పాటుగా ఒక పేదపిల్లను అత్తవారింటికి పంపుట ఆచారము. ఆ పిల్లకు పెండ్లి లేదు, జీతము లేదు, కాదనుటకు నోరు లేదు. పగలు యజమానురాలి పని, రాత్రి యజమాని యిచ్ఛ, అతిథులు వచ్చినచో వారి సేవ. ఆమెకు బిడ్డలు పుట్టినచో వారును గడివారే. ఇది ఏదో పురాణకాలపు మాట కాదు. మన పాలమూరి సీమకే చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1930లో జోగిపేటలో ప్రథమాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినప్పుడు, అచ్చటనే నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను స్త్రీల సభయు జరిగినప్పుడు, ఆ చుట్టుపట్ల గడులలో కమలాక్షులు నీళ్లు తోడుచునే యుండిరి. సభలలో స్త్రీవిద్యగూర్చి మాటలాడుకొనుచుండగా సభికుల యిండ్ల దొడ్లలో ఎవరుండిరో మనము తలచుకొనవలసిన విషయమే.

కథయందు దొరసానికి సంతానము లేదు. కమలాక్షికి గర్భమగును. ఆ గర్భము దొరదే. దానిని తీయింపవలెనని గడి నిర్ణయించును. దాసికి ఆ బిడ్డ కావలెనని యుండును. ఆమె కోరిక నడుగువారెవ్వరును లేరు. సంభాషణ మిక్కిలి తక్కువ. కొన్ని ఘట్టములలో చీపురు చప్పుడును, చేదబావి చప్పుడును తప్ప వేఱు లేదు. దొరగా భూపాల్ రెడ్డి కేకలు వేయకయే భయము పుట్టించెను. ఇంతటి నిశ్శబ్దమున నటికి మిగులు సాధనములు రెండే: పనిచేయు చేతులు, నేలకు వ్రాలిన కన్నులు.

అర్చన ఈ రెంటితో ఏమి చేసెనో కొంచెము నిదానించి చూడదగును. బానిసవేషము వేయు నటీమణులు సాధారణముగా తమ దుఃఖము మనకు చూపుటకు తొందరపడుదురు. ఊడ్చుచు నిట్టూర్తురు, నీళ్లు మోయుచు ఆకాశము వంక చూతురు. ఈమె ఊడ్చునప్పుడు ఊడ్చును. పుట్టి బుద్ధి యెఱిగిననాటినుండి చేసిన పనిని శరీరము తానే చేయుచుండగా మనసు వేఱొకచోట దాగియుండుట ఎట్లో ఆ వంగిన వీపు చెప్పును. ఇచ్చట నాట్యశిక్షణము అక్కఱకు వచ్చినదని మా యూహ. నర్తకికి తన వెన్నెముక యెచ్చట నున్నదో తెలియును; అలంకారముగా వాడుట యెఱిగినది, అలంకారమును తీసివేయుటయు నెఱుగును. దొర పిలిచినప్పుడు "బాంచన్" అని లేచుటలో తొందరలేదు, ఆలస్యమును లేదు. ఎంత వేగముగా లేచినచో దెబ్బ తప్పునో అంత వేగము. గర్భము తెలిసిన తరువాతనే ఆ శరీరమునకు తనదను భావము మొదటిసారి కలుగును. చేయి పొట్టమీదకు పోవుటయు, ఎవరైన చూచుచున్నారేమోయని వెంటనే దిగుటయు మాటలకంటె ఎక్కువ. దానిని పొగరనవలెనా, ఆశ యనవలెనా? మాకు రెండును కనబడినవి.

ఈ నటనపై ఒక ఆక్షేపణ కలదు. కమలాక్షి మిక్కిలి సహించును, ఎదురు తిరుగదు. ఇదే నేల 1946 మొదలు 1951 వఱకు తుపాకి పట్టిన స్త్రీలను చూచినది గదా, అని అందురు. నల్లగొండ జిల్లా మల్లు స్వరాజ్యమును, పాలకుర్తి చిట్యాల ఐలమ్మను ఎఱిగినవారికి ఈ సందేహము సహజము. నరసింగరావే నిర్మాతగా గౌతమ్ ఘోష్ దర్శకత్వమున వచ్చిన 'మా భూమి'లో ప్రజలు లేచి నిలిచిరి. శ్యామ్ బెనెగల్ 1974లో మన తెలంగాణపు పల్లెలోనే తీసిన 'అంకుర్'లో షబనా ఆజ్మీ వేసిన లక్ష్మియు భూస్వామి కొడుకు వలన గర్భవతియగును, తీయించుకొమ్మన్నచో ఒప్పుకొనదు, కడపట నోరారా శపించును. ఆ శాపమును విని చప్పట్లు కొట్టినవారిలో మేమును గలము. అయినను రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో మా మనసు మారినది. లక్ష్మికి గుడిసె యున్నది, మగడున్నాడు, పోవుటకు త్రోవయున్నది. నోరు లేచుటకు నిలుచుండు చోటొకటి కావలెను. కమలాక్షికి అట్టి చోటు లేదు. 1920 ప్రాంతపు గడిలో ఆడబాపచేత ఉపన్యాసము చెప్పించుట ప్రేక్షకుని సంతోషపెట్టుటకే గాని సత్యమునకు కాదు. లేని తిరుగుబాటును కల్పించి మన మనసులను ఊరడించుటకు అర్చన ఒప్పుకొనలేదు. అయితే ఆక్షేపకుల మాటలో కొంత బలమున్నదనియు మేము ఒప్పుకొనవలెను. చిత్రము గడి గోడలు దాటి పోదు. ఊరిలోని ఇతర స్త్రీలు, ఆమె పుట్టినిల్లు, ఆమె తోడివారి మాటలు ఇంకొంచెము వినబడియున్నచో ఆ ఒంటరితనమునకు కారణము మఱింత స్పష్టమయ్యెడిది. అది నటి లోపము కాదు, కథకుని యెన్నిక.

భాషగూర్చి ఒక మాట. ఆ కాలపు తెలుగు చిత్రములలో తెలంగాణపు మాట విన్నచో ప్రేక్షకుడు నవ్వుటకు సిద్ధపడువాడు. ఆ మాట రౌడీలకును విదూషకులకును కేటాయింపబడియుండెను. 'దాసి'లో అది దుఃఖమునకు, అధికారమునకు, మౌనమునకు భాష యైనది. ఆ భాష మాటలాడు స్త్రీని నవ్వులాటగా కాక మనుష్యురాలుగా ప్రధానస్థానమున నిలిపిన నటన మద్రాసు చిత్రసీమలో పైకివచ్చిన ఒక నర్తకి చేసినది. మాటకు పుట్టుకతోనే హక్కు వచ్చునని వాదించు మా మిత్రులు దీనిని ఆలోచింతురు గాక.

అదే సంవత్సరపు పురస్కారములలో ఉత్తమ చిత్రము 'పిరవి' యను మలయాళ చిత్రము. షాజీ కరుణ్ తీసెను. అత్యయిక పరిస్థితి కాలమున పోలీసుల చేతులలో మాయమైన కొడుకుకొఱకు రోజూ ఎదురుచూచు తండ్రిగా ప్రేమ్‌జీ ఉత్తమ నటుడైనాడు. ఆ వృద్ధుని కుమార్తెగా నటించినదియు అర్చనయే. ఒక భాషలో ఉత్తమ నటి యైన యేటనే మఱొక భాషలో పక్కవేషమున వృద్ధనటునికి అండగా నిలుచుట మన తారలలో అరుదు. బాలు మహేంద్ర 'సంధ్యారాగం'లోను ఇదే తీరు. అచ్చటను కథ చొక్కలింగ భాగవతార్‌ది.

'మట్టి మనుషులు' 1990లో వచ్చినది. ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము పొందెను. దర్శకుడు నరసింగరావే. మొయిన్ అలీ బేగ్ భర్త, అర్చన భార్య. నీనా గుప్తాయు నటించెను. పల్లెవిడిచి నగరమున కట్టడపు పనికి వచ్చిన దంపతుల కథ. నగరము ఆ కాపురమును ఎట్లు నమలివేయునో చూపుట ఉద్దేశము. చిత్రముగా ఇది 'దాసి'కి తీసిపోవునని మా యభిప్రాయము. గడి గోడలు కథకు ఇచ్చిన బిగువు ఇచ్చట లేదు; నగరము పెద్దది, దర్శకుని చూపు అక్కడక్కడ చెదరినది. కాని అర్చన పని చెదరలేదు. చుట్టకుదురు తలమీద నుంచి, తట్ట ఎత్తించుకొని, పరంజా పలకమీద నడచుటలో ఆమె మెడ ఎట్లు నిలుచునో మా ఊరివారు చూచినచో లెక్కలు తీయుదురు, తప్పు పట్టరు. 'దాసి'లో నేల చూచు చూపు వేఱు, ఇచ్చట పలకమీద అడుగు తప్పకుండుటకు నేల చూచు చూపు వేఱు. మొదటిది ఇతరుల భయము, రెండవది తన యెఱుక. కూలిదానికి దాసికి లేని వస్తువొకటున్నది: సాయంకాలమున చేతబడు కూలి. మగవానికంటె తక్కువైన కూలియే, సమాన వేతన చట్టము 1976లోనే వచ్చియున్నను. ఆ కొద్ది డబ్బు స్త్రీ నడకలో తెచ్చు మార్పును ఈమె పట్టుకొనినది. ఆ డబ్బు చేయిజారుట మొదలైనప్పుడు అదే నడకలో నుండి ఏమి పోయినదో అదియు కనబడును.

'వీడు'లో ఇల్లు కట్టించుకొన్నది, 'దాసి'లో పరుల గడిని తుడిచినది, 'మట్టి మనుషులు'లో పరుల మేడలకు మన్ను మోసినది. నాలుగైదు సంవత్సరముల లోపల ఒకే నటి ఈ మూడు గడపలయొద్ద నిలుచుట యాదృచ్ఛికమే కావచ్చును. దర్శకులు వేఱు, భాషలు వేఱు. కాని ఆమె వేషములు ఎన్నుకొన్న తీరులో ఒక పట్టుదల లేదని చెప్పజాలము. అద్దెయింటి గుమాస్తా పిల్ల మన చదువరులకు బంధువు. కూలి స్త్రీ మన వీధిలో కనబడునది. దాసిమాత్రము పాతకాలపుదని మనము ఊరట చెందుదుము. ఊరట చెందుటకు వీలులేదు. వెట్టిచాకిరిని నిషేధించు చట్టము 1976లో వచ్చినది. పదునాలుగేండ్ల లోపు పిల్లలను ఇండ్లలో పనికి పెట్టుకొనుట నిషేధమైనది 2006లో మాత్రమే. అనగా 'దాసి' వచ్చిన 18 సంవత్సరములకు. ఆ నడుమ ఎన్నో చదువుకొన్న యిండ్లలో, దూరపు పల్లెనుండి తెచ్చిన పదేండ్ల పిల్ల "మా యింటి పిల్లవలెనే" గిన్నెలు తోముచుండెను. అట్టి యిండ్లలోనివారే ఆదివారము మధ్యాహ్నము దూరదర్శనములో పురస్కారచిత్రములు చూచి కన్నీరు తుడుచుకొనిరి. చట్టమువచ్చిన తరువాత ఆ పిల్లలందరును బడికి పోయిరని నమ్ముట మాకు కష్టము.

1990 తరువాత ఈమెకు తగిన వేషములు తగ్గినవి. దీనికి ఎవరినో ఒకరిని నిందింపనక్కరలేదు. వ్యాపారచిత్రమున నాయిక వయస్సునకు హద్దులున్నవి. స్వతంత్రచిత్రములు తీయువారికి డబ్బు లేదు, తీసినవి ఆడుటకు మా ఊళ్లవంటి చోట్ల టాకీసులు లేవు. నరసింగరావు వంటి దర్శకుడు కథాచిత్రములు వేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే తీసెను. బాలు మహేంద్ర 2014లో మరణించెను. 2007లో తంగర్ బచ్చాన్ తీసిన 'ఒన్బదు రూబాయ్ నోట్టు' అను తమిళ చిత్రమున సత్యరాజ్ సరసన పల్లెటూరి వృద్ధురాలుగా నటించినప్పుడు, ఆ శక్తి యెచ్చటికిని పోలేదని ఋజువైనది. బిడ్డలచేత అలక్ష్యము పొంది ఊరువిడిచిన వృద్ధదంపతుల కథ యది. నెత్తిన తట్ట లేకున్నను ఆ మెడ మరల కనబడెను.

2025లో 'షష్టిపూర్తి' యను తెలుగు చిత్రమున రాజేంద్ర ప్రసాద్‌తో మరల జంటగా వచ్చెను. 'లేడీస్ టైలర్' నుండి లెక్కించిన 39 సంవత్సరములు. సంగీతము ఇళయరాజాదే. అరువదేండ్ల పండుగ పేరిట పాత జ్ఞాపకములను వెలికితీయు చిత్రమునకు వచ్చినవారు పాత జ్ఞాపకములకొఱకే వచ్చిరి, అందు తప్పులేదు. అదే సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము గద్దర్ పేరిట చలనచిత్ర పురస్కారములు ప్రారంభించినది. 'మా భూమి'లో గొంగడి కప్పుకొని పాడిన గాయకుని పేరు పురస్కారమునకు పెట్టుట బాగుగనే యున్నది. ఆ పేరు పెట్టినవారు 'దాసి'ని, 'మట్టి మనుషులు'ను శుభ్రపరచిన ప్రతులుగా చేయించి, మా కోస్గివంటి ఊళ్లలోని ఆడుపిల్లల కళాశాలలలో సంవత్సరమున కొకమారైన చూపించినచో ఖర్చు ఎక్కువ కాదు.

కొడుకులు కోడండ్రు హైదరాబాదునకో పూనాకో పోగా, మనుమలను సాకుచు, నెలకొకమారు వచ్చు ఫోనుకొఱకు చూచుచు, తాళము లేని ఇంటిని కాచుచున్న ముసలితల్లులు ఇప్పుడు పాలమూరులో ప్రతి ఊరను గలరు. ఎదురుచూచుట ఎట్లో అర్చన 'నిరీక్షణ'లోనే నేర్చినది. ఆ ముసలితల్లి వేషమును ఆమెకు ఇంకను ఎవ్వరును వ్రాయలేదు.